అప్‌డేట్: ఫ్రెంచ్ సినిమా ‘దివా’ (1981) రివ్యూలు రెండు రకాలుగా ఎందుకున్నాయి, 112, 117 నిమిషాల ప్రింట్లలో తేడా ఏంటి?

సాయం చేసిన అందరికీ థాంక్స్. రెండు సందేహాలూ తీరాయి.

రివ్యూల తేదీలు చూడమన్న సలహాతోనే ముడి విడింది. 1981 మార్చిలో ఫ్రాన్స్‌లో విడుదలైనప్పుడు విమర్శకులకు పెద్దగా నచ్చలేదు. ‘పైమెరుగులే, అడ్వర్టైజ్‌మెంట్‌లా ఉంది’ అన్నది ఈ తరహా సినిమాల మీద తర్వాత కూడా వినబడిన మాటే. అయినా మౌత్‌టాక్‌తో ప్యారిస్‌లో నెలల తరబడి ఆడింది. 1982లో అమెరికాలో పౌలిన్ కేల్, రోజర్ ఈబర్ట్ లాంటి విమర్శకులు మెచ్చుకున్నారు. అదే ఏడాది నాలుగు సీజర్ (ఫ్రాన్స్ జాతీయ సినిమా) అవార్డులొచ్చాయి: తొలి చిత్రం, ఛాయాగ్రహణం, సంగీతం, సౌండ్. ఆ లిస్టు చూస్తేనే జనానికి ఏం నచ్చిందో తెలుస్తుంది. కథ కాదు, దృశ్యం, ధ్వని. నాకైతే మెట్రోలో మోపెడ్ ఛేజ్ ఒక్కటి చాలు!

నిడివికీ రివ్యూలకీ సంబంధం లేదు, సెన్సార్ కట్ కూడా కాదు. యూరప్ పాల్ (PAL, అక్కడి టీవీ ప్రమాణం) డీవీడీలో సెకనుకు 24 ఫ్రేముల ఫిల్మ్ 25తో, అంటే కాస్త వేగంగా నడుస్తుంది: 117 × 24/25 = 112. సినిమాలోని ఆరియా (ఒపెరా పాట) శ్రుతి కూడా కాస్త పెరుగుతుంది. బ్లూ-రే సబ్‌టైటిల్స్ ఈ డిస్క్‌కి వాడితే డిలే మార్చడం (అన్నిటినీ ఒకేలా ముందుకో వెనక్కో జరపడం) దండగ, చివరికొచ్చేసరికి దాదాపు ఐదు నిమిషాలు తప్పుతాయి. సబ్‌టైటిల్స్ ఫ్రేమ్‌రేట్‌నే 23.976 (బ్లూ-రేలో దాదాపు 24) నుంచి 25కి మార్చాలి.