పిల్లల్ని పెంచడానికి కూడా డిగ్రీ కావాలా అంటున్నాడు బాపు

మిర్చి_పిల్ల:
మాది నాందేడ్ జిల్లా ధర్మాబాద్. ఇంట్లో తెలుగు, బడి అంతా మరాఠీ. పన్నెండో తరగతి సైన్స్ అయిపోయింది. నా మార్కులకి డాక్టర్ సీటు రాదని నాకు తెలుసు, ఇంట్లోనే ఇంకా ఒప్పుకోవట్లేదు. పర్భణీ వ్యవసాయ విద్యాపీఠ్‌లో కమ్యూనిటీ సైన్స్ బీఎస్సీ 4 ఏళ్లు ఉంటుందని, అందులో పిల్లల ఎదుగుదల, కుటుంబం గురించి చెప్పే విభాగం ఉందని మా టీచర్ అన్నారు. బాపుకి చెప్తే "మీ నానమ్మ ఏడుగురిని పెంచింది, ఏ కాలేజీకి పోయింది?" అని మళ్లీ మిర్చి బస్తాల లెక్కలో పడ్డాడు. అసలు ఏం నేర్పుతారు? పని దొరుకుతుందా? హైదరాబాద్ సైఫాబాద్‌లో కూడా ఉందంట, అక్కడికి పోవాలా?

పూర్ణా_జంక్షన్:
చెల్లీ, నేను అదే కోర్సు ఆఖరి ఏడాది. డిగ్రీలో పిల్లల ఎదుగుదల ఒక్కటే ఉండదు, పోషకాహారం, బట్టలు, ఇంటి నిర్వహణ, విస్తరణ (నేర్చుకున్నది ఊళ్లోవాళ్లకి చేరవేయడం) అన్నీ చదవాలి. ఇదే కావాలంటే ఎమ్మెస్సీలో తీసుకోవాలి. పిల్లల ఆలోచన ఎలా ఎదుగుతుందో చెప్పిన పియాజే అనే శాస్త్రవేత్త పాఠం అయిన వారం ఇంటికెళ్లి, మా అక్క కొడుకు ముందు (ఐదేళ్లోడు) ఒకేలాంటి రెండు గ్లాసుల్లో మజ్జిగ పోశాను, రెండూ సమానమే అన్నాడు, వాడు చూస్తుండగానే ఒకదాంట్లోది సన్నటి పొడుగు గ్లాసులోకి వంచితే ఇందులోనే ఎక్కువుంది, నాకిదే కావాలి అని ఏడుపు. వెనక్కి పోస్తే సమానమే, మళ్లీ వంచితే మళ్లీ ఎక్కువే! మొండోడు అంది అక్క. మొండితనం కాదు, ఆరేడేళ్లు వచ్చేదాకా చాలామంది పిల్లలు ఎత్తునీ వెడల్పునీ కలిపి చూడలేరు. మా నానమ్మ మాత్రం పొడుగు గ్లాసే వాడి చేతిలో పెట్టేసింది, ఏడుపు ఆగింది. ఆమెకి ఆపడం తెలుసు, వాడెందుకు ఏడ్చాడో నాకు తెలుసు, రెండూ కావాలి కదా.

గోదారి_అవతల:
నేను గడ్చిరోలి జిల్లా సిరొంచ వైపు అంగన్‌వాడీల సూపర్‌వైజర్ని. అంగన్‌వాడీలు నడిపే ఐసీడీఎస్ పథకం 1975 అక్టోబర్ 2న మొదలైంది, ఇన్నేళ్లయినా మన సరిహద్దు పిల్లల భాష సంగతి అలాగే ఉంది. ఒక కేంద్రంలో నాలుగేళ్ల పిల్ల, ఏం అడిగినా పలకదు, బుద్ధి మందం అని రాసేశారు. మరాఠీలో రంగు పేరు అడిగితే నేల చూపులు. పక్కన కూర్చుని "ఇదేం రంగు బిడ్డా" అన్నా. "ఎర్రది, మా అవ్వ చీర లెక్క" అంది, ఇక ఆగలేదు. ఆ పిల్లకి ఏ లోపమూ లేదు, లోపం మేం అడిగిన తీరులో ఉంది. ఇంకో మాట, మీ బాపుకి మా గడ్చిరోలి సంగతి చెప్పు. అభయ్ బంగ్, రాణీ బంగ్ అనే డాక్టర్ దంపతులు ఊరి ఆడవాళ్లకే శిక్షణ ఇచ్చి ఇంటి దగ్గరే పసికందుల్ని చూసుకునేలా చేస్తే నవజాత శిశు మరణాలు 62 శాతం తగ్గాయని 1999లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. వాళ్లూ మీ నానమ్మ లాంటివాళ్లే, నేర్పారు కాబట్టి అయింది.

లెక్కల_మాస్టర్:
అందరూ మంచే చెప్తున్నారు, జీతం సంగతి నేను చెప్తా. మా చెల్లె ఇదే ఎమ్మెస్సీ చేసింది, ఒక ప్రైవేటు ప్రీస్కూల్‌లో మొదటి ఏడాది ఆమె జీతం ఆటో కిరాయికే పోయింది. ఇప్పుడు మాటలు ఆలస్యమైన పిల్లలతో పని చేస్తోంది, బాగుంది, కానీ మూడేళ్లు పట్టింది. సర్కారు కొలువుల నోటిఫికేషన్ల మీదే ఆశ పెట్టుకోకు. సైఫాబాద్ అంటావా, నువ్వు చదివింది మహారాష్ట్రలో, లోకల్ సీటు కష్టం. పర్భణీకైతే మీ ఊళ్లోనే రైలెక్కితే చాలు.

మిర్చి_పిల్ల:
నిన్న బాపు ముందే మా చిన్నాన్న బిడ్డతో మజ్జిగ పెట్టి చూశా. అది "పొట్టి దాంట్లోనే ఎక్కువుంది, లావుగా ఉంది కదా" అంది! ఇదీ లెక్కలోకి వస్తుందా అక్కా? బాపు గ్లాసులు లాక్కుని తనే మూడుసార్లు పోయించి అడిగాడు. ఒప్పుకున్నట్టు కాదు, ఫారం ఎప్పుడు నింపాలి అని మాత్రం అడిగాడు. హాస్టల్లో రెండు పూటలా చపాతీయేనా, అన్నం పెడతారా?