విరిగిన ఎముక అతుక్కోకముందే రేసు తేదీ పెట్టుకోవడం మంచిదేనా?

ఎదురుగాలి:
మా తమ్ముడు సైకిల్ రేసర్. కిందటి సీజన్‌లో ఒక రేసు చివర్లో ముందున్న నలుగురైదుగురు ఒకరి మీద ఒకరు పడ్డారు. వీడికి తప్పుకునే చోటు లేక నేరుగా వాళ్ల మీదకే వెళ్లిపోయాడు. కుడి తొడ ఎముక విరిగింది. లోపల రాడ్ వేశారు. ఇప్పుడు చంకకర్రల సాయంతో నడుస్తున్నాడు.

ఆపరేషన్ కుట్లు ఆరకముందే కోచ్, వీడు కలిసి వచ్చే సీజన్‌లో ఒక రేసు ఎంచుకుని, ఆ తేదీని కాగితం మీద పెద్దక్షరాలతో రాసి మంచం ఎదురుగా గోడకు అంటించారు. డాక్టర్‌ని అడిగితే "ముందు ఎక్స్‌రే చూద్దాం" అని తప్ప ఒక్క ముక్క ఎక్కువ మాట్లాడరు. కోచ్ ఏమో "తేదీ లేకపోతే కుర్రాడు మంచానికి అలవాటు పడిపోతాడు" అంటాడు.

వైద్య సలహా కోసం అడగడం లేదు, దానికి డాక్టర్ ఉన్నారు. ఇంత పెద్ద దెబ్బ తగిలాక ముందే ఫలానా రేసు అని గురి పెట్టుకోవడం మేలా, కీడా? రేసులు ఆడినవాళ్లు, దెబ్బలు తిన్నవాళ్లు చెప్పండి.

ఆఖరి కిలోమీటరు:
కచ్చితంగా పెట్టుకోవాలి. మీ కోచ్ మాటే నా మాట.

డెన్మార్క్ రేసర్ వింగెగార్డ్‌ని చూడండి. 2024 ఏప్రిల్ 4న స్పెయిన్‌లో బాస్క్ కంట్రీ రేసులో దిగుడు మలుపులో పడ్డాడు. కాలర్ బోన్, పక్కటెముకలు విరిగాయి, ఊపిరితిత్తికి గాయమైంది. 12 రోజులు ఆసుపత్రిలోనే ఉన్నాడు. రోజుకో స్టేజ్ చొప్పున మూడు వారాలు సాగే టూర్ ద ఫ్రాన్స్ మొదలయ్యేది జూన్ 29న. అందరూ ఈ ఏడాదికి ఇంతే అనుకున్నారు. వచ్చాడు, 11వ స్టేజ్‌లో తన ప్రధాన పోటీదారు పొగాచర్‌ని స్ప్రింట్‌లో ఓడించాడు, టూర్ మొత్తం మీద రెండో స్థానం కొట్టాడు. ఎదురుగా టూర్ అనే తేదీ లేకపోతే ఆ మనిషి అంత కష్టపడేవాడా?

రేసర్ బతుకంతా క్యాలెండరే. అది లాగేసి "ఎప్పుడో ఒకప్పుడు బాగవుతావులే" అంటే సగం చంపేసినట్టే.

నిదానం:
ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం.

మోకాలిచిప్ప:
నేను ఫిజియోని. సైక్లిస్టులు తరచూ వస్తుంటారు నా దగ్గరకు. ఆఖరి కిలోమీటరు గారూ, కాలర్ బోన్ కథ తెచ్చి తొడ ఎముకకు అతికించకండి.

సైకిల్ మీంచి పడ్డవాళ్లకు కాలర్ బోన్ విరగడం మామూలే. ప్లేట్ వేస్తే చాలామంది కొద్ది వారాల్లోనే ట్రైనర్ (సైకిల్‌ని బిగించి ఇంట్లోనే తొక్కే స్టాండు) ఎక్కేస్తారు, ఎందుకంటే పెడల్ తొక్కే బలం అక్కడ్నుంచి రాదు. తొడ ఎముక అలా కాదు. ఒంట్లో అన్నిటికన్నా పొడవైన, గట్టి ఎముక అది. అది విరిగిందంటే చుట్టూ ఉన్న కండ కూడా బాగా దెబ్బతిని ఉంటుంది. పూర్తిగా కట్టుకోవడానికి సాధారణంగా నెలలు పడుతుంది. తుంటి దగ్గర్నుంచి రాడ్ దింపి ఉంటే, కోత ఆ తుంటి కండరాల మధ్యలోంచే పడుతుంది. అందుకే చాలామంది ఎముక కట్టుకున్నాక కూడా ఒక పక్కకు ఒరుగుతూ నడుస్తారు. నడకలో కనిపించే ఆ ఒరుగుడు పెడల్ మీద కనిపించదు, కానీ ఉంటుంది.

రేసర్లను మోసం చేసేది ఇంకోటి ఉంది. సైకిల్ తొక్కేటప్పుడు బరువు చాలావరకు సీటు మీద ఉంటుంది కాబట్టి, పరుగు కన్నా చాలా ముందే తొక్కడానికి డాక్టర్లు ఒప్పుకుంటారు. దాంతో ఊపిరి, గుండె త్వరగా దారిలో పడతాయి, పెడల్ తొక్కే శక్తిని చూపే వాట్లు పెరుగుతాయి. స్క్రీన్ మీద పాత అంకెలు కనపడగానే "నేను రెడీ" అంటారు. ఎముక ఎంతవరకు కట్టుకుందో ఆ అంకెలకేం తెలుసు? ట్రైనర్ మీద పడిపోవడం ఉండదు. రోడ్డు మీద మళ్లీ పడితే, ఆ కాలి మీదే పడితే?

నేనైతే తేదీ చూడను. టేపు తీసి మోకాలిచిప్ప పైన ఒకే ఎత్తులో రెండు తొడలూ కొలుస్తాను. గాయపడిన తొడ ఎంత సన్నబడిందో అప్పుడు చూడాలి, కుర్రాళ్లు కళ్లు తిప్పేసుకుంటారు. తర్వాత ఒంటికాలి మీద నిలబడమంటాను, ఒంటికాలి మీద మెల్లగా కూర్చుని లేవమంటాను. నడుం ఒక పక్కకు జారిందంటే నాకు జవాబు దొరికినట్టే.

ఆఖరి కిలోమీటరు:
మేడమ్, మీ కొలతలు మీవి, కాదనను. కానీ తొడ ఎముక విరిగినవాళ్లు కూడా తేదీ పెట్టుకునే వచ్చారుగా? కొలంబియా రేసర్ బెర్నాల్ 2022 జనవరిలో సొంత దేశంలో ప్రాక్టీస్ చేస్తూ ఆగి ఉన్న బస్సును వెనక నుంచి గుద్దాడు. తొడ ఎముక, మోకాలిచిప్ప, వెన్నుపూసలు, పక్కటెముకలు విరిగాయి, ఊపిరితిత్తికి దెబ్బ తగిలింది. అదే ఏడాది ఆగస్టులో డెన్మార్క్‌లో రేసు స్టార్ట్ లైన్ మీద ఉన్నాడు. ఇంకేం కావాలి?

గొలుసు జారింది:
నిలబడ్డాడు సరే. గెలిచిందెప్పుడు అన్నా? ఫ్రాన్స్ టూర్, ఇటలీ జీరో, స్పెయిన్ వుయెల్టా అనే మూడు పెద్ద రేసుల స్థాయిలో మళ్లీ ఒక స్టేజ్ గెలిచింది 2025 సెప్టెంబరులో, వుయెల్టాలో. తిరిగి రావడం వేరు, రేసర్‌గా తిరిగి రావడం వేరు. మధ్యలో మూడేళ్లు గడిచాయి.

బ్రిటన్ రేసర్ ఫ్రూమ్ సంగతీ అంతే. 2019 జూన్‌లో ఫ్రాన్స్‌లో డోఫినే రేసప్పుడు టైమ్ ట్రయల్ (ఒక్కొక్కరే గడియారంతో పోటీపడే స్టేజ్) దారి చూసుకుంటూ, ముక్కు చీదుకోవడానికి హ్యాండిల్ మీంచి ఒక చెయ్యి తీశాడు. అదే క్షణంలో గాలి విసురుకు ముందు చక్రం పక్కకు పోయి గోడను గుద్దుకున్నాడు. తొడ ఎముక, మోచెయ్యి, పక్కటెముకలు విరిగాయి. 2020 ఫిబ్రవరిలో యూఏఈ టూర్‌లో మళ్లీ రేసు మొదలుపెట్టాడు. నాలుగు టూర్‌లు గెలిచిన మనిషి ఆ తర్వాత ఒక్క రేసు కూడా గెలవలేదు. కుడి కాలి బలం ఎడమ కాలి అంత లేదని తర్వాత ఆయనే చెప్పాడు.

ఆఖరి కిలోమీటరు:
ఫ్రూమ్‌కి అప్పటికి 34 ఏళ్లు. ఆ వయసులో ఎంత నిదానంగా వచ్చినా పాత ఫ్రూమ్ వచ్చేవాడా? దానికి తేదీని తప్పుపడితే ఎలా?

గొలుసు జారింది:
తేదీ వల్లే ఓడాడని నేననలేదు. మీరు బెర్నాల్‌ని చూపించి ఏడు నెలల్లో అయిపోతుందన్నట్టు మాట్లాడారు, అది కాదన్నాను. ఏ పేరు తెచ్చినా వాడు స్టార్ట్ లైన్‌కి వచ్చిన తేదీ చెప్పి ఆపేస్తున్నారు.

సరిగ్గా ఈ ప్రశ్నకే పనికొచ్చే ఉదాహరణ బెల్జియం రేసర్ ఎవెనపూల్. 2020 ఆగస్టులో ఇటలీలో లొంబార్దియా రేసు దిగుడులో వంతెన గోడకు తగిలి కిందకు పడిపోయాడు. కటి ఎముక విరిగింది. శీతాకాలం మళ్లీ సైకిలెక్కాడు. 2021 జనవరిలో పరీక్ష చేస్తే ఎముక సరిగా అతకలేదని తేలింది, తొక్కడం ఆపేయాల్సి వచ్చింది. తర్వాత ఒక్క చిన్న రేసు కూడా ఆడకుండా మే నెలలో నేరుగా జీరోకి వెళ్లాడు. మొదటి వారం అదరగొట్టాడు, తర్వాత కొండల్లో వెనకబడ్డాడు, 17వ స్టేజ్‌లో పడి ఇంటికెళ్లిపోయాడు.

ఆఖరి కిలోమీటరు:
ఆ మరుసటి ఏడాది వుయెల్టా, ప్రపంచ చాంపియన్‌షిప్ రెండూ కొట్టాడని కూడా రాయొచ్చుగా :)

గొలుసు జారింది:
రాస్తాను. ఎముక కట్టుకోవడానికి తగిన టైమ్ దొరికాక కొట్టాడు. నేను మొదట్నుంచీ చెప్పేది అదే.

చుక్కలరాత్రి:
తలకు దెబ్బ తగిలిందా? దాని గురించి ఎవరూ అడగలేదేంటి? తొడ మీద గొడవలో తల మర్చిపోవద్దు. 2020 టూర్‌లో ఫ్రెంచ్ రేసర్ బార్డే పడి, లేచి, స్టేజ్ మొత్తం పూర్తి చేశాడు. ఆ రాత్రి స్కాన్ తీస్తే మెదడులో చిన్నగా రక్తస్రావం కనిపించింది. ఆ ఏడాది చివర్లోనే సైక్లింగ్ అంతర్జాతీయ సమాఖ్య తల దెబ్బలకు ప్రత్యేకంగా నియమావళి తెచ్చింది. ఎముకకు ఎక్స్‌రే ఉంది, తల అదిరిన దెబ్బ మామూలు స్కాన్‌లో చాలాసార్లు కనపడనే కనపడదు.

ఎదురుగాలి:
స్కాన్ చేశారండీ, ఏమీ లేదన్నారు. తలనొప్పి, మత్తు లాంటివి కూడా లేవు. గుర్తు చేసినందుకు థ్యాంక్స్.

వెనకచక్రం:
నేనూ పడ్డవాణ్ణే, కటి ఎముక. ఎముక గురించి ఫిజియో గారు చెప్పేశారు. నేను చేతివేళ్ల గురించి చెప్తాను.

ఎక్స్‌రే బాగుంది, తొడ కొలత సరిపోయింది, కొండెక్కడంలో పాత టైమ్ వచ్చేసింది. అయినా గుంపులో దిగుడు మొదలవగానే నా వేళ్లు వాటంతటవే బ్రేకు మీదకు పోయేవి. ముందువాడి చక్రానికీ నాకూ మధ్య జానెడు ఉండాల్సింది, ఒక సైకిల్ పట్టేంత ఖాళీ వదిలేసేవాణ్ణి. ఆ ఖాళీలోకి ఒకడు దూరతాడు, వాడి వెనక ఇంకొకడు. దిగుడు అయ్యేసరికి గుంపు చివర్లో ఉండేవాణ్ణి. కాళ్లలో బలం ఉండి ఏం లాభం? పైగా గుంపులో ఊరికే బ్రేకు పట్టేవాడి వల్ల వెనకవాళ్లు పడతారు. భయంతో రేసుకి వచ్చినవాడు తనకొక్కడికే ప్రమాదం కాదు.

డచ్ స్ప్రింటర్ యాకబ్సన్ 2020 ఆగస్టులో పోలాండ్ టూర్ ఫినిష్‌లో బ్యారికేడ్‌లను గుద్దుకున్నాడు. కోమాలో ఉంచారు, ముఖానికి 130 కుట్లు పడ్డాయి, పళ్లు పోయాయి. 2021 ఏప్రిల్‌లో టర్కీలో మళ్లీ రేసుకి వచ్చాడు. గెలిచింది మాత్రం జూలైలో. ఆ తర్వాత వుయెల్టాలో మూడు స్టేజ్‌లు, పాయింట్లలో మొదటివాడికిచ్చే గ్రీన్ జెర్సీ. టర్కీ నుంచి జూలై దాకా ఆ మనిషి గుంపులో ఎక్కడ తిరిగాడో చూసినవాళ్లకు తెలుస్తుంది. ఆ నెలలకు కూడా మీ కాగితం మీద చోటు ఉందా?

నా ఓటు: మొదటి రేసుకి తేదీ పెట్టుకోండి, కానీ అది "గుంపులో కూర్చుని పూర్తి చేసే" రేసు అయి ఉండాలి. గెలవాల్సిన రేసు తేదీ మాత్రం పెట్టుకోకండి.

ఇంటిమనిషి:
నేను రేసర్‌ని కాదు, రేసర్ భార్యని. ఆ తేదీ ఇంట్లో ఏం చేస్తుందో ఎవరూ రాయలేదు కాబట్టి రాస్తున్నాను.

మా ఆయన తేదీ పెట్టుకున్నారు. మొదట్లో బ్రహ్మాండంగా పనిచేసింది, అది ఒప్పుకుంటాను. పొద్దున్నే లేచి వ్యాయామాలు, వేళకు మందులు, ఒక్క రోజు కూడా మానలేదు. తర్వాత ఎముక అనుకున్నంత వేగంగా కట్టుకోలేదు. తేదీ ఒకసారి జరిగింది, మళ్లీ జరిగింది. జరిగిన ప్రతిసారీ ఇంట్లో చావు జరిగినట్టు ఉండేది. డాక్టర్ "బాగానే ఉంది, ఇంకాస్త టైమ్ పడుతుంది" అన్నా ఆయన చెవికి "ఓడిపోయావు" అనే వినిపించేది. నిజానికి ఆ నెలలో ఆయన చంకకర్రలు వదిలేశారు, మెట్లు ఎక్కారు. ఎవరమూ సంతోషపడలేదు, ఎందుకంటే తేదీ తప్పింది కదా!

నొప్పి దాచడం కూడా అప్పుడే మొదలైంది. డాక్టర్ అడిగితే లేదనేవారు, రాత్రి నిద్రలో మూలిగేవారు.

తమ్ముడు నొప్పి ఉందని మీతో చెప్తున్నాడా? ముందు అది కనుక్కోండి ఎదురుగాలి గారూ.

ఎదురుగాలి:
అక్కా, మీరు అడిగాక ఆలోచిస్తే... ఈ మధ్య చెప్పడం మానేశాడు. తగ్గిందనుకున్నాను.

మోకాలిచిప్ప:
అడగండి. "నొప్పి ఉందా" అని కాదు, ఉందంటే తేదీ పోతుందని వాడికి తెలుసు. "మెట్లు దిగేటప్పుడు ఏ కాలు ముందు వేస్తున్నావు?", "రాత్రి ఏ పక్కకు తిరిగి పడుకుంటున్నావు?" అని అడగండి. ఇవి దాచలేరు.

ఇంటిమనిషి గారు చెప్పినది నేను రోజూ చూస్తాను. బరువు మోపితే నొప్పి అలాగే ఉంటున్నా, తగ్గినట్టే తగ్గి మళ్లీ పెరిగినా డాక్టర్‌కి తెలియాలి. ఎముక అతకడం ఆలస్యమవుతోందేమో చూడాల్సి వస్తుంది. రాడ్ ఉంది కదా, ఇక విరగదు అనుకుంటారు చాలామంది. ఎముక కట్టుకోకుండా నెలల తరబడి బరువు మోపుతూ పోతే రాడ్ కూడా అలసి విరగొచ్చు. ఈలోపు సిగరెట్ అలవాటు ఉంటే మాన్పించండి, ఎముక కట్టుకోవడాన్ని అది బాగా ఆలస్యం చేస్తుంది.

తేదీ కావాలంటే తర్వాతి ఎక్స్‌రే తేదీ రాసుకోండి. దాని తర్వాతి మెట్టు ఏమిటో ఆ ఎక్స్‌రే చెప్తుంది.

ఆఖరి కిలోమీటరు:
ఎక్స్‌రే కోసం పొద్దున్నే ఐదింటికి ఏ రేసరూ లేవడు మేడమ్. క్షమించాలి, ఇక్కడ మాత్రం నేను ఒప్పుకోను. వెనకచక్రం గారు చెప్పినట్టు గెలవాల్సిన రేసు వద్దంటే సరే, పూర్తి చేసే రేసు పెట్టుకోనివ్వండి. కానీ అసలు రేసే వద్దని ఆ కుర్రాడితో అనొద్దు. నొప్పి దాచడం తేదీ వల్ల కాదు, తేదీ జరిగితే ఇంట్లోవాళ్లు, కోచ్ పెట్టే ముఖాల వల్ల. కోచ్ మొదటి రోజే "ఈ తేదీ జరిగినా నీ చోటు నీదే" అని చెప్పి ఉంటే దాచేవాడు కాదు.

ఇంటిమనిషి:
ఆ మాట మాకు ఏ కోచ్ చెప్పలేదు.

ఎదురుగాలి:
మా కోచ్ కూడా చెప్పలేదు. జట్టులో చోట్లు తక్కువ, అడిగితే నీళ్లు నములుతున్నాడు. రేపు నేనే వెళ్లి నేరుగా అడుగుతాను. చెప్పకపోతే ఆ రేసుకి ఎంట్రీ వేయనివ్వను.

గొలుసు జారింది:
అది అడగడం మంచిది. ఇంకో విషయం, చర్చకు సంబంధం లేదు గానీ, పడినప్పుడు పెట్టుకున్న హెల్మెట్ ఏం చేశారు? ఫ్రేమ్ కార్బన్‌దేనా?

ఎదురుగాలి:
కార్బన్‌దే. పైకి ఒక గీత తప్ప ఏమీ లేదు. హెల్మెట్ బాగానే ఉంది, దాచి ఉంచాం.

గొలుసు జారింది:
హెల్మెట్ పగలగొట్టి మరీ పారేయండి, లేకపోతే ఎవరో ఒకరు తీసి పెట్టుకుంటారు. లోపలి ఫోమ్ ఒకసారి నలిగితే మళ్లీ దెబ్బ ఆపదు, పైన పెంకు బాగున్నా సరే. ఫ్రేమ్, ముఖ్యంగా ముందు ఫోర్క్, కార్బన్ తెలిసిన మెకానిక్‌కి చూపించాకే వాణ్ణి రోడ్డెక్కనివ్వండి.