టైర్లలో గాలి సరిగ్గానే ఉంది, హెచ్చరిక దీపం ఆరడం లేదు: రీసెట్ చేసి వదిలేయవచ్చా?

నీలి కారు:
డ్యాష్‌బోర్డు మీద టైరు గాలి హెచ్చరిక దీపం వెలిగింది, ఇక ఆరడం లేదు. గుర్రపు నాడా లాంటి గుర్తు, దాని మధ్యలో ఆశ్చర్యార్థకం ఉండే పసుపు దీపం అది. టైర్ల షాపులో నాలుగు చక్రాలకూ గాలి కొట్టించాను, పంక్చర్ ఏదీ లేదన్నారు. సలహా అడిగితే ముగ్గురు మూడు రకాలుగా చెప్పారు. రీసెట్ చేస్తే పోతుందని ఒకరు, సెన్సర్లు పోయాయి, నాలుగూ మార్చాలని ఒకరు, గాలి ఉందని తెలిశాక దీపంతో పనేమిటని ఇంకొకరు. కారు పాతదే, ఏడెనిమిదేళ్లు ఉంటుంది. ఎవరి మాట వినాలి?

తిన్నని రోడ్డు:
నా ఓటు మూడో మాటకే. ఈ దీపం పుట్టక ముందు కూడా జనం కార్లు క్షేమంగా నడిపారు. నెలకొకసారి, దూర ప్రయాణానికి ముందు మరొకసారి సొంత గేజ్‌తో గాలి చూసుకునే మనిషికి ఈ దీపం కొత్తగా చెప్పేదేమీ ఉండదు. రీసెట్ చేయండి. ఆరితే మంచిది, ఆరకపోతే వదిలేయండి. సెన్సర్ల మీద డబ్బు పెట్టే బదులు మంచి గేజ్, చిన్న కంప్రెసర్ కొనుక్కుంటే పదేళ్లు పనికొస్తాయి.

పాత పానా:
గేజ్ కొనుక్కోమన్నది బంగారం లాంటి మాట. రీసెట్ విషయంలో మాత్రం మీతో ఏకీభవించలేను. టైర్ల పనిలో ఉన్నవాణ్ణి కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

ఈ ఏర్పాటు రెండు రకాలు. ఒక రకంలో ప్రతి చక్రం లోపల, వాల్వు మొదట్లో, ఒక సెన్సర్ ఉంటుంది. అది గాలి ఒత్తిడిని నేరుగా కొలిచి రేడియో సంకేతంగా కారుకు పంపుతుంది. రెండో రకంలో చక్రం లోపల ఏమీ ఉండదు. ఏబీఎస్ బ్రేకుల కోసం అమర్చిన చక్రాల వేగం సెన్సర్లే దానికి ఆధారం. గాలి తగ్గిన టైరు కొద్దిగా కుంగుతుంది కాబట్టి, అంతే దూరం వెళ్లడానికి మిగతావాటి కంటే ఎక్కువసార్లు తిరగాలి. ఆ తేడాను పట్టుకుని కారు దీపం వెలిగిస్తుంది.

ఈ రెండో రకంలో రీసెట్ అంటే ఏమిటో చాలామంది ఆలోచించరు. ‘ఇప్పుడు టైర్లలో ఉన్న గాలే సరైన గాలి, దీన్నే కొలతగా పెట్టుకో’ అని కారుకు చెప్పడం అది. 32 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత) ఉండాల్సిన టైరులో 26 ఉండగా రీసెట్ బటన్ నొక్కారనుకోండి, కారు ఆ 26నే సరైనదిగా నేర్చుకుంటుంది. దీపం బుద్ధిగా ఆరిపోతుంది, మీరు నిశ్చింతగా బయలుదేరతారు. ఇక ఆ టైరు అక్కడి నుంచి మరీ దిగజారితే తప్ప కారు నోరు విప్పదు. అందుకే ముందు గేజ్, ఆ తర్వాతే రీసెట్. దీపం ఆర్పడం కోసం రీసెట్ చేసే అలవాటు నాకు నిజంగా భయం కలిగిస్తుంది.

ఇక నీలి కారు గారూ, గాలి కొట్టించానన్నారు. ఎంత కొట్టించారు, ఎప్పుడు? టైరు పక్క గోడ మీద అచ్చు వేసి ఉండే అంకె ఆ టైరు తట్టుకునే గరిష్ఠ ఒత్తిడి, మీ కారుకు కావలసింది అది కాదు. కావలసిన అంకె డ్రైవర్ తలుపు తీస్తే కనిపించే స్టిక్కర్ మీద ఉంటుంది. చాలా కార్లలో ముందు చక్రాలకు ఒకటి, వెనక చక్రాలకు ఒకటి, నిండు బరువుకు వేరొకటి రాసి ఉంటాయి. ఆ అంకెలన్నీ చల్లటి టైరుకు వర్తించేవి. అంటే కారు కనీసం 3 గంటలు ఆగి ఉండాలి, లేదా ఒకటిన్నర కిలోమీటరు లోపే నడిచి ఉండాలి. ఎండలో చాలా దూరం నడిపి షాపుకు వెళ్తే లోపలి గాలి వేడెక్కి, గేజ్ మీద మూడు నాలుగు పీఎస్‌ఐ ఎక్కువే కనిపిస్తుంది. అప్పుడు లెక్కగా 32 దగ్గర ఆపితే, తెల్లవారేసరికి చల్లబడి 28కి దిగుతుంది. ఉదయం దీపం వెలిగి, మధ్యాహ్నానికి ఆరిపోతోందని చెప్పేవాళ్లలో చాలామంది కథ ఇదే. వాతావరణం 10 డిగ్రీలు చల్లబడినా సుమారు ఒకటిన్నర పీఎస్‌ఐ తగ్గుతుంది. నైట్రోజన్ నింపితే ఈ బాధ ఉండదనడం నిజం కాదు, అది కూడా చల్లబడితే ఇంచుమించు అంతే తగ్గుతుంది.

తిన్నని రోడ్డు:
గేజ్ చూశాకే రీసెట్ చేయాలన్నది ఒప్పుకుంటున్నాను. నా వాదన అది కాదు. గేజ్ చూసి, అంతా సరిగ్గా ఉందని తేలాక కూడా దీపం వెలుగుతూ ఉంటే, లోపం యంత్రానిదే కదా? పైగా అమెరికా నిబంధన ప్రకారం, ఉండాల్సిన దానికంటే గాలి 25 శాతం తగ్గినప్పుడు ఈ దీపం వెలిగితే చాలు. 32 ఉండాల్సిన టైరు 24కి పడిపోయేదాకా మౌనంగా ఉండవచ్చన్నమాట. 27 దగ్గర కూడా టైరు అంచులు అరుగుతాయి, ఇంధనం ఎక్కువ తాగుతుంది. దీపాన్ని నమ్ముకున్నవాళ్లు గేజ్ ముట్టుకోవడం మానేస్తారు. నాకు అభ్యంతరం అక్కడే.

దూర ప్రయాణం:
మీ అభ్యంతరంలో న్యాయం ఉంది. కానీ గేజ్ చూసేది నెలకొకసారి, మేకు దిగేది ఆ మధ్యలో ఎప్పుడో. ఉదయం గేజ్ చూసుకుని బయలుదేరినా, హైవే మీద మేకు గుచ్చుకుని గాలి మెల్లగా దిగుతుంటే మీ గేజ్ పెట్టెలోనే ఉంటుంది. గాలి తక్కువైన టైరు పక్క గోడలు ప్రతి చుట్టుకూ వంగుతూ లేస్తూ విపరీతంగా వేడెక్కుతాయి, ఆ వేడికే టైరు పగులుతుంది. 24 దగ్గర చెప్పినా, పగలక ముందు చెప్పినట్టే. అమెరికాలో టైర్లు విడిపోయి వాహనాలు బోల్తాపడి ఎందరో చనిపోయాకే 2000లో ట్రెడ్ చట్టం వచ్చింది, ఈ దీపం తప్పనిసరి అయింది దాని వల్లే. యూరప్‌లో 2014 నవంబరు నుంచి కొత్త కార్లన్నిటికీ తప్పనిసరి చేశారు. ప్రాణాలు పోయాక వచ్చిన ఏర్పాటును అనవసరం అనడం నాకు నచ్చదు.

గాలి తగ్గితే కళ్లతో చూసినా తెలుస్తుందని కొందరంటారు, ఆ మాటకూ జవాబు చెప్పాలి. రేడియల్ టైరు నిండు గాలితో ఉన్నప్పుడు కూడా అడుగున కాస్త ఉబ్బినట్టే ఉంటుంది. ఏడెనిమిది పీఎస్‌ఐ తగ్గినా చూపుకు తెలియకపోవచ్చు.

పాత పానా:
నీలి కారు గారూ, రెండు సంగతులు చెప్పండి. కారు స్టార్ట్ చేయగానే ఆ దీపం నిలకడగా వెలుగుతోందా, కాసేపు మిణుకుమని ఆ తర్వాత నిలబడుతోందా? వాల్వులు రబ్బరువా, నట్టు బిగించిన లోహపువా?

నీలి కారు:
పొద్దున్నే కారు కదపకుండా గేజ్‌తో చూశాను. నాలుగూ స్టిక్కర్ మీద ఉన్నట్టే ఉన్నాయి. దీపం ఒక నిమిషానికి పైగా మిణుకుమంటోంది, ఆ తర్వాత నిలకడగా వెలుగుతోంది. వాల్వులు లోహపువి, మొదట్లో నట్టు ఉంది.

పాత పానా:
అయితే మీది మొదటి రకం. ఈ మిణుకు అర్థం వేరు. స్టార్ట్ చేయగానే నిలకడగా వెలిగితే ఏదో టైరులో గాలి తక్కువ. నిమిషం, నిమిషంన్నర మిణుకుమని ఆ తర్వాత నిలబడితే, ‘నాకు గాలి సంగతి తెలియడం లేదు’ అని ఆ ఏర్పాటు తన లోపాన్ని తానే చెప్పుకుంటోంది. ఇక ఎంత గాలి కొట్టినా, ఎన్నిసార్లు రీసెట్ చేసినా ప్రయోజనం లేదు.

మీ కారు వయసు చూస్తే నా మొదటి అనుమానం బ్యాటరీ మీదే. సెన్సర్ లోపలి బ్యాటరీని జిగురు లాంటి పదార్థంతో మూసేస్తారు, విడిగా మార్చలేం. మామూలుగా 5 నుంచి 10 ఏళ్లు వస్తుంది. ఈ మధ్య టైర్లు మార్పించి ఉంటే ఇంకో అనుమానం. రిమ్ము నుంచి టైరు విడదీసే యంత్రం వాల్వు పక్కన ఆనితే సెన్సర్ విరుగుతుంది. స్టెప్నీ చక్రం బిగించి ఉన్నా, అందులో సెన్సర్ లేకపోతే ఇలాగే మిణుకుమంటుంది. పంక్చర్‌కు లోపల పోసే ద్రవం సెన్సర్ రంధ్రాన్ని మూసేసిన కార్లు కూడా నా దగ్గరకు వచ్చాయి.

ఊహలతో ఏదీ మార్పించకండి. సెన్సర్లను చదివే చేతి పరికరం ఉన్న షాపుకు వెళ్లండి. చక్రం విప్పక్కర్లేదు. వాల్వు పక్కన ఆ పరికరం పెట్టి బటన్ నొక్కితే, లోపలి సెన్సర్ మేల్కొని తన గుర్తింపు సంఖ్య, గాలి ఒత్తిడి, ఉష్ణోగ్రత చెబుతుంది. చాలా సెన్సర్లు బ్యాటరీ స్థితి కూడా చెబుతాయి. మూడు జవాబిచ్చి ఒకటి పలకకపోతే దొంగ దొరికినట్టే. నాలుగూ పలికితే సెన్సర్లు బాగానే ఉన్నాయి, వాటి సంఖ్యలు కారు కంప్యూటర్‌లో మళ్లీ నమోదు చేయించాలి, లేదా కారులోని రిసీవర్‌ను చూపించాలి.

తిన్నని రోడ్డు:
మీరే అన్నారు, మిణుకు అంటే గాలి తక్కువ కాదని. అలాంటప్పుడు గేజ్ పట్టుకుని ఈ కారు నడిపితే ప్రమాదం ఏమిటి?

పాత పానా:
ఈ రోజు నడిపితే ఏమీ లేదు, నడపండి. కానీ ఇప్పటికే వెలుగుతున్న దీపం రేపు నిజంగా గాలి దిగితే కొత్తగా ఎలా వెలుగుతుంది? దూర ప్రయాణం గారు చెప్పిన మేకు అప్పుడే గుచ్చుకోవచ్చు. హెచ్చరిక లేని కారు నడుపుతున్నానని గుర్తుపెట్టుకుని, వారానికొకసారి గేజ్ చూసుకుంటూ నడిపేవాళ్లతో నాకు తగాదా లేదు. దీపం మీద నల్ల టేపు అంటించి మరిచిపోయేవాళ్లతోనే తగాదా.

దూర ప్రయాణం:
ఒకటి పోయిందని తేలితే నాలుగూ మార్పించడమే మేలని నా అభిప్రాయం. అన్నీ ఒకే రోజు పుట్టినవి. ఒక బ్యాటరీ అయిపోయిందంటే మిగతావి వరుసలో ఉన్నట్టే. ప్రతిసారీ టైరు విప్పించి, బ్యాలెన్సింగ్ చేయించే కూలీ మళ్లీ మళ్లీ ఎందుకు?

తిన్నని రోడ్డు:
పలికే సెన్సర్‌ను పారేయడం నాకు సమ్మతం కాదు. మిగతా మూడూ ఇంకో రెండు మూడేళ్లు రావచ్చు.

పాత పానా:
నేనైతే టైరు చూసి నిర్ణయిస్తాను. టైర్లు అరిగి త్వరలో మార్చాల్సి ఉంటే, అప్పటిదాకా గేజ్‌తో నెట్టుకొచ్చి, కొత్త టైర్లతో పాటే నాలుగు సెన్సర్లూ వేయిస్తాను. విప్పే కూలీ ఎలాగూ ఇవ్వాల్సిందే. టైర్లలో ఇంకా సగం జీవం ఉంటే పోయిన ఒక్కటే మారుస్తాను. ఏది చేసినా, విప్పినప్పుడు వాల్వు రబ్బరు సీలు, పిన్ను (వాల్వు లోపల గాలిని ఆపే చిన్న భాగం) కొత్తవి వేయమని అడగండి. పిన్ను నికెల్ పూత ఉన్నదే కావాలి. మామూలు ఇత్తడి పిన్ను అల్యూమినియం వాల్వులో తుప్పుతో అతుక్కుపోతుంది, బలవంతంగా తిప్పితే కొత్త సెన్సర్ వాల్వే విరిగి చేతికి వస్తుంది. మూతలు కూడా ప్లాస్టిక్‌వే పెట్టించుకోండి.

నీలి కారు:
టైర్లు నిరుడే మార్పించాను, కాబట్టి స్కాన్ చేయించి పలకనిదాన్నే మార్పిస్తాను. పిన్ను సంగతి షాపులో ముందే అడుగుతాను.