ఈ వారం సమస్య: గుండె నాపిన వైద్యుఁడే గొప్పవాఁడు

పృచ్ఛకుడు (సత్యనారాయణపురం, బెజవాడ):

పద్యమిత్రులకు నమస్కారం. ఈసారి తేటగీతి పాదం ఇస్తున్నాను. ఇది చివరి పాదంగా వచ్చేలా, అర్థం పొసిగేలా ముందు మూడు పాదాలూ మీరు పూరించాలి.

గుండె నాపిన వైద్యుఁడే గొప్పవాఁడు

ఇది ఎక్కడ పుట్టిందో చెబుతాను. మా ఇంట్లో తెలుగు డబ్బింగ్‌లో వచ్చే ఒక ఆసుపత్రి సీరియల్ చూస్తాం. శనివారం ఎపిసోడ్ మొత్తం ఒకే ఒక్క బైపాస్ ఆపరేషన్. బల్ల మీద ఉన్నది సర్జన్‌కు చదువు చెప్పిన మాస్టారు. పక్కన సాయానికి నిలబడ్డవాడు ఇంకా మీసం సరిగ్గా రాని కుర్ర డాక్టరు. గుండె ఆపారు, కుట్లు వేశారు, రక్తం రాకుండా బిగించిన క్లాంపు తీశారు. గుండె కదల్లేదు. అక్కడ దర్శకుడు సంగీతం ఆపేశాడు. పంపు తిరిగే రొద, ఎవరో మాస్కులోంచి ఊపిరి వదిలిన చప్పుడు, అంతే. ఆ అర నిమిషం మా ఇంట్లో ఫ్యాను చప్పుడు కూడా వినిపించింది. అంత మంచి సీను తీసి, మరుక్షణమే మానిటర్ మీద గీత బల్లపరుపుగా ఉండగా "షాక్! షాక్!" అని కేకలు పెట్టించాడు. వెంటనే ప్రకటనలు. ఆ షాక్ సంగతి తర్వాత తిట్టుకుందాం, ముందు పద్యాలు రానివ్వండి. విరుపులకు, అంటే ఇచ్చిన మాటను విడగొట్టి అర్థం మార్చడానికి, స్వాగతం. యతి, అంటే పాదం మొదటి అక్షరానికి నడుమ ఒకచోట పొసిగే అక్షరం, కుదరకపోతే ప్రాసయతి వాడుకోవచ్చు.

బ్రాడీపేట మాస్టారు (గుంటూరు):

రక్తమును యంత్ర మొక్కటి త్రాగి పంపఁ
జలువ మందుతో హృదయము శాంతిఁ జెందఁ
గదలకుండఁగ నాళముఁ గలిపి కుట్టు
గుండె నాపిన వైద్యుఁడే గొప్పవాఁడు

పృచ్ఛకుడు:

మాస్టారూ, మొదటి పద్యమే ఇలా వస్తే వెనక వచ్చేవాళ్ళ గతేం కావాలండీ! "త్రాగి పంప" అన్నది ఒక్కటే చాలు. 'రక్త'లోని 'ర'కు 'త్రా'లో కలిసి ఉన్న 'ర'తో సంయుక్తాక్షర యతి కూడా చక్కగా కుదిరింది. ఒక్క చిన్న వెలితి. ఆ యంత్రం గుండె పని ఒక్కటే కాదు, ఊపిరితిత్తుల పని కూడా చేస్తుంది. నల్లబడ్డ రక్తంలోంచి బొగ్గుపులుసు గాలి తీసేసి, ఆక్సిజన్ కలిపి పంపుతుంది. 1953లో ఫిలడెల్ఫియాలో జాన్ గిబ్బన్ మొదటిసారి దాంతో మనిషికి విజయవంతంగా ఆపరేషన్ చేశాడు. దాని వెనక ఉన్నది ఇరవై ఏళ్ళ శ్రమ. ఆ ఊపిరి ముక్క మీ పద్యంలో ఎక్కడైనా ఇరికితే బాగుండేది.

బ్రాడీపేట మాస్టారు:

నాలుగు పాదాల్లో ఒకటి మీరే ఆక్రమించుకున్నారు. మిగిలిన మూడింటిలో ఊపిరి కూడా పోయమంటే ఎట్లా అండీ? ఇంతకంటే పెద్దదైన సీసపద్యం ఇవ్వండి, ఊపిరితిత్తులేం ఖర్మ, థియేటర్ మొత్తం పట్టిస్తాను.

సిస్టరమ్మ (సూర్యారావుపేట, బెజవాడ):

నేను పద్యం రాయడం ఈ మధ్యే నేర్చుకుంటున్నాను గానీ, థియేటర్‌లో ముప్ఫై ఏళ్ళు నిలబడ్డదాన్ని. ఒక మాట. మాస్టారు "చలువ మందు" అన్నది నిజమే. అందులో అసలు పని చేసేది పొటాషియం. అది ఎక్కువై గుండె కండరం కదలిక మానేస్తుంది, చల్లదనం దాని ఆకలిని తగ్గిస్తుంది. మేం వాడే పద్ధతిలో ఇరవై నిమిషాలకోసారి మళ్ళీ పోసేవాళ్ళం. సీరియల్‌లో ఒక్కసారి పోసి మర్చిపోయారు! ఇక నా పద్యం. తప్పులుంటే మొహమాటపడకుండా చెప్పండి అన్నయ్యా.

గీఁత పైకిని క్రిందికి గిలగిల మన
షాకు కొట్టి యా కలకలఁ జప్పు నార్పి
మరలఁ దాళము మొదలిడు మార్గ మిచ్చు
గుండె నాపిన వైద్యుఁడే గొప్పవాఁడు

పృచ్ఛకుడు:

అమ్మా, ఇందులో తప్పు పట్టేవాడికి ఛందస్సు రానట్టే. 'షాకు'కు 'జప్పు'తో యతి సరిపోయింది. 'గిలగిల మన' కంటే 'గిలగిలలాడ' అనడం వాడుక, కానీ లెక్కకు అది పొసగదు, ఉండనివ్వండి. నాకు నచ్చింది భావం. షాక్ అంటే ఆగిన గుండెను తట్టి లేపడమని అందరం అనుకుంటాం. మీరు తిరగేసి చెప్పారు.

సిస్టరమ్మ:

నిజమే అన్నయ్యా. గుండెలో కండరం పోగులన్నీ ఎవరి ఇష్టం వచ్చినట్టు వాళ్ళు వణుకుతుంటే షాక్ ఇస్తారు. అప్పుడు అన్నీ ఒక్కసారి ఆగుతాయి. ఆ ఖాళీలో గుండె తన సొంత తాళం అందుకుంటుంది. గీత బల్లపరుపుగా ఉందంటే ఆపడానికి అక్కడ ఏమీ లేదు. అప్పుడు షాక్ దండగ. వార్డులో అయితే ఛాతీ మీద నిమిషానికి నూటి నుంచి నూటిరవై సార్లు నొక్కడం, అడ్రినలిన్ ఇవ్వడం, ఇవే. ఛాతీ తెరిచి ఉన్నప్పుడు పెద్ద పెద్ద ప్యాడ్లు కూడా వాడరు. గరిటెల్లాంటి రెండు చిన్న ప్యాడిల్స్ గుండెకే ఆనించి పది ఇరవై జౌల్స్ ఇస్తారు. ఆ సీరియల్‌లో తెరిచిన ఛాతీ మీద అంతంత పళ్ళేలు పట్టుకొస్తుంటే నాకు నవ్వాగలేదు. మా అమ్మాయేమో "నువ్వు ఊరుకోవే, టెన్షన్ పోతోంది" అని కసిరింది.

కొత్తపేట కుర్రాడు (గుంటూరు):

సార్, నేను మొదటిసారి రాస్తున్నాను. మొదటి పాదం "మానిటర్ మీద గీత సమమై పోయె" అని మొదలెట్టాను. రెండో పాదంలో షాక్ పెట్టాను. ఇప్పుడు సిస్టరమ్మ గారి మాట చదివి మొత్తం చెరిపేశాను. మొదటి పాదం అయినా బాగుందా?

పృచ్ఛకుడు:

చెరపకండి బాబూ, పాదం ప్రాణంతోనే ఉంది. 'మాని' గలం (గురువు, లఘువు), 'టర్ మీద' తగణం, 'గీతస' భగణం, అక్కడిదాకా బాగుంది. తర్వాత 'మమై' లగం (లఘువు, గురువు) అయింది, అక్కడ కావలసిన సూర్యగణం (గలం గానీ, మూడు లఘువులు గానీ) కాదు. "మానిటర్ మీద గీత యే మలుపు లేక" అని సర్దండి. యతి 'మా'కు 'మ' అలాగే నిలుస్తుంది. ఇక షాక్ బదులు ఏం చేయాలో సిస్టరమ్మ గారు చెప్పనే చెప్పారు.

అరండల్‌పేట అత్తయ్య (గుంటూరు):

మీ వైద్యం మీరు చేసుకోండి, నా గోల నాది.

ప్రకటనల ముందు కత్తిని పట్టి నిలిచి
వచ్చువారమె మిగిలిన వైన మనుచు
సోఫ లోనున్న మాయమ్మ సొమ్మసిలఁగ
గుండె నాపిన వైద్యుఁడే గొప్పవాఁడు

పృచ్ఛకుడు:

అత్తయ్యా! ఆగింది రోగి గుండె కాదు, చూసేవాళ్ళ గుండెన్నమాట. ఈ వారం నవ్వు పద్యం ఇదే. 'సోఫ'కు 'సొమ్మ' యతి పడిన తీరు చూస్తే పద్యం కోసమే సోఫా కొన్నట్టుంది. మీ అమ్మగారు లేచారు కదా?

అరండల్‌పేట అత్తయ్య:

లేచింది. సబ్బు ప్రకటన రాగానే లేచి కాఫీ అడిగింది.

కృష్ణలంక కవి (బెజవాడ):

అందరూ గుండె ఆపారు. నేను ఆపను, విరుస్తాను.

కాలు విఱిగినఁ బెదసారు గట్టి దిట్ట
కడుపు నొప్పికి మేడమే ఘనత గాంచె
రాత్రి రెండింటి వేళలో రమ్మనంగ
గుండెనా? పిన వైద్యుఁడే గొప్పవాఁడు

బ్రాడీపేట మాస్టారు:

'నాపిన'ను 'నా? పిన' అని విరిచిన చెయ్యి ఎవరిదో గానీ దానికి గండపెండేరం తొడగాలి! కానీ ప్రశ్నార్థకం 'గుండెయా' కదా కావాలి? 'గుండెనా' పెదాల మీద మాట, పద్యంలో మాట కాదు.

కృష్ణలంక కవి:

పెదసారు, మేడమ్ తిరిగే ఇంట్లో 'గుండెయా' అంటే తలుపు తీస్తారా మాస్టారూ?

పృచ్ఛకుడు:

ఇద్దరి మాటా నిజమే. తీర్పు మాత్రం కవివైపు. పద్యం భాష ఎక్కడ నిలబడితే విరుపు కూడా అక్కడే నిలబడాలి. పైగా ఎపిసోడ్‌లో నాకు నచ్చిన మనిషి ఆ కుర్ర డాక్టరే. పెద్దాయన చెయ్యి వణికినప్పుడు ఒక్క మాట అనకుండా, ట్రేలోంచి సూది సరిగ్గా ఎదురు కోణంలో పట్టి అందించాడు. ఆ ఒక్క షాట్ కోసం రెండోసారి చూశాను. మూడో పాదం "రమ్మనంగ" దగ్గర వాక్యం కొంచెం తెగింది, చదివేవాడే "వచ్చినవాడు" అని పూరించుకోవాలి. విరుపు ఇంత బాగుంటే అది క్షమించొచ్చు.

మొగల్రాజపురం చెల్లాయి (బెజవాడ):

నేను గుండె మార్పిడి మీద రాశాను.

మంచుపెట్టెలో నొకరిది మాట లుడిగి
నాలుగే గంటలందున మేలుకొనఁగ
వలయు వేఱొక రొమ్మున; వడి నెఱింగి
గుండె నాపిన వైద్యుఁడే గొప్పవాఁడు

కొత్తపేట కుర్రాడు:

సార్, రెండో పాదంలో 'నా'కు 'మే' యతి తప్పింది కదా? ఇప్పుడే నేర్చుకున్నాను, అందుకే అడుగుతున్నా.

పృచ్ఛకుడు:

పట్టుకోవాలన్న ఆరాటం మంచిదే. అయితే 'నాలు', 'మేలు' చూడండి. రెండో అక్షరం రెండుచోట్లా 'లు', దాని ముందు రెండుచోట్లా గురువు. అది ప్రాసయతి.

చెల్లాయీ, పద్యం నన్ను పట్టేసింది. నాలుగు గంటల లెక్క కూడా సరైందే, మంచులో పెట్టిన గుండె బయట ఉండగలిగేది సుమారు అంతే. ఒక్క సందేహం. దాత బ్రెయిన్ డెడ్ అన్న మాట పద్యంలో లేదు. తెలియనివాడు చదివితే బతికున్న మనిషి గుండె ఆపాడనుకుంటాడు. ఆ అర్థం ఒక్క పదంలోనైనా రావాలి, ఎందుకంటే మన దగ్గర అవయవదానానికి ఇళ్ళల్లో వచ్చే మొదటి భయం అదే. మన దేశంలో మొదటి విజయవంతమైన గుండె మార్పిడి 1994 ఆగస్టు 3న ఢిల్లీ ఎయిమ్స్‌లో చేసిన పి. వేణుగోపాల్ గారు మన రాజమండ్రిలో పుట్టినవారు. గుంటూరు పెద్దాసుపత్రిలోనే 2016లో డాక్టర్ ఆళ్ళ గోపాలకృష్ణ గోఖలే గారి బృందం గుండె మార్పిడి చేసింది. అంటే మీ మంచుపెట్టె మనకేమీ దూరపు ఊరి కథ కాదు. ఆ సర్కారు ఆసుపత్రి వరండా చూసినవాళ్ళకు నా మాట అర్థమవుతుంది.

మొగల్రాజపురం చెల్లాయి:

అన్నయ్యా, మొదటి పాదం మారుస్తాను. 'ఒకరిది' బదులు దాత అని వచ్చేలా చూస్తాను. రేపటికి ఇస్తాను.

పృచ్ఛకుడు:

తొందరేం లేదు. ఈ వారం మొదటి స్థానం సిస్టరమ్మ గారిది. విరుపు బహుమతి కృష్ణలంకకు. మాస్టారు అలగొద్దు, మీ పద్యం నా పుస్తకంలో రాసుకున్నాను.

బ్రాడీపేట మాస్టారు:

ఆశువుగా పద్యాలు చెప్పిన కొప్పరపు కవులు పుట్టిన ప్రాంతం వాళ్ళం, ఓటమి కూడా పద్యంలోనే ఒప్పుకుంటాం. రేపు సీసం చూసుకోండి.

పృచ్ఛకుడు:

సరే, వచ్చే వారానికి ఆటవెలది నాలుగో పాదం:

మత్తు మందు గ్రోలి మాటలాడె

2017లో గుంటూరులోనే రోగికి సినిమా చూపిస్తూ, మెలకువగా ఉంచి మెదడు ఆపరేషన్ చేశారు. దారి అటుంది. ఇంకో దారి వెతికినా సరే.

అరండల్‌పేట అత్తయ్య:

మత్తు మందు అంటే సారాయి అని రాస్తే కుదురుతుందా? మా ఆయన మీద ఇప్పటికే రెండు పాదాలు వచ్చేశాయి.