సమస్యాపూరణం: శస్త్రమొకటి లేని శక్తి గెలిచె

సమస్య (ఆటవెలది నాలుగో పాదం; మిగతా మూడు పాదాలు రాసి పద్యం పూరించాలి): శస్త్రమొకటి లేని శక్తి గెలిచె

ఆధారం: బెంగాల్ విభజన ఏడాది 1905లో అవనీంద్రనాథ్ టాగూర్ వేసిన భరతమాత చిత్రం. 1, 3 పాదాల్లో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు. 2, 4 పాదాల్లో అయిదూ సూర్యగణాలే. యతి (పాదం మొదటి అక్షరంతో పొంతన) నాలుగో గణం మొదటి అక్షరానికి.

గౌతమి:
పొత్తమొక్క చేత, పూసలింకొక చేత,
వరియు నొకట నుండ, వలువ యొకట,
కత్తి శూల చక్ర గదలేమియును లేక
శస్త్రమొకటి లేని శక్తి గెలిచె

విమర్శ: గౌతమి గారూ, గణాలు, యతులు సరిపోయాయి. చదువు, దీక్ష, అన్నం, వస్త్రం: నాలుగు చేతులూ రెండు పాదాల్లో పట్టడం ముచ్చటగా ఉంది. ‘వరి’ని కదపకండి, ఈ బొమ్మను మొదట వంగమాతగానే ఊహించారు, ఆ నేల పంట అది. వలువ వెనక స్వదేశీ ఉద్యమం ఉంది.

చిక్కల్లా మూడో పాదంతోనే. ‘కత్తి శూల చక్ర’ వైరిసమాసం (తెలుగు మాటను సంస్కృత మాటలతో కలిపిన తప్పు సమాసం). ‘ఖడ్గ’ అంటే ఆ దోషం పోతుంది, ఖ–గ యతీ చెల్లుతుంది. కానీ ‘శస్త్రమొకటి లేని’ అన్నాక ఆయుధాల జాబితా పునరుక్తే. పైగా ‘గెలిచె’ అన్నారు, ఏం గెలిచిందో చెప్పలేదు. 1911లో విభజన రద్దయి, బెంగాలీ మాట్లాడే జిల్లాలు మళ్లీ ఒకటయ్యాయి. గెలుపు అక్కడుంది.

గౌతమి (సవరణ): మూడో పాదం ఇలా మార్చాను:
భాగమైన వంగభాష నేలను గూర్చి

విమర్శ: ఇప్పుడు పూరణ నిలిచింది.

కృష్ణవేణి:
సింహమెక్కి వచ్చి జెండాను చేబూని
పటము నిండ నడుగు మోపి నిలిచె
భరతమాతఁ జూచి పరులెల్ల పరువెత్త
శస్త్రమొకటి లేని శక్తి గెలిచె

విమర్శ: రెండో పాదంలో ప–మో యతి కుదరదు. ‘పటము నిండ నిలిచె పాదమూని’ అనండి. అసలు సమస్య సింహంతో. 1905 చిత్రంలో సింహం, జెండా, దేశపటం లేవు. కావిచీర, తలచుట్టూ కాంతివలయం, కాళ్ల దగ్గర కమలాలు ఉన్నాయి. సింహం రాగానే దుర్గ, ఆమె చేతుల్లోని ఆయుధాలు గుర్తొస్తాయి; ‘శస్త్రమొకటి లేని’ అన్న మాట అక్కడే వీగిపోతుంది. పటమే కావాలంటే కాశీలో భరతమాత గుడి ఉంది. అక్కడ విగ్రహానికి బదులు పాలరాతి పటం.

కృష్ణవేణి:
కానరాదు బొమ్మ కాశిలో గుడియందు
పాలరాతి మీద పటము గాక
కొండలేరులెల్ల కొలువైన తల్లిగా
శస్త్రమొకటి లేని శక్తి గెలిచె

విమర్శ: చాలా బాగుంది. రెండో పాదం మరీ ఇష్టం. ‘గెలిచె’కే ఇంకా ఊతం చాలదు: గాంధీజీ ఆ గుడిని ప్రారంభించింది 1936లో, అప్పటికి స్వాతంత్ర్యం రాలేదు. మూడో పాదంలో ఆ గెలుపు జాడ ఉండాలి.