మా కాలనీ పిల్లల కోసం ఒక సెంటర్ కట్టాలనుకుంటున్నాం, దేనితో మొదలుపెట్టాలి?

అడిగినవారు (ఇందుకూరుపేట మండలం, నెల్లూరు జిల్లా):

అందరికీ నమస్కారం. మాది సముద్రం వైపు ఊరు. ఒక పక్క చేపలు పట్టేవాళ్ళుండే పట్టపుపాలెం, ఇంకో పక్క కాలవ గట్టున యానాదుల (గిరిజనుల) కాలనీ, నడుమ మా ఊరు. నేను హైదరాబాదులో ఉద్యోగం చేస్తాను, అమ్మావాళ్ళు ఇక్కడే ఉంటారు. మొన్న సంక్రాంతికి వచ్చినప్పుడు సాయంత్రం బయటికి వెళ్తే, చదువు మధ్యలో ఆపేసిన కుర్రాళ్ళు ఆరుగురు వీధిలైటు కింద ఒకే ఫోన్ చుట్టూ కూర్చుని ఉన్నారు. మర్నాడు కాలనీ పాప ఒకతి రొయ్యల గుంట దగ్గర కాపలా ఉండే వాళ్ళ నాన్నకి సద్ది పట్టుకుపోతూ నా చేతిలో పేపరు చూసి ఆగింది. హెడ్డింగులో అక్షరాలు వేలు పెట్టి కూడబలుక్కుని చదివింది. బడి మానేసి రెండేళ్ళయిందంట.

ఆ రెండూ మనసులోంచి పోవడం లేదు. స్నేహితులం ఐదుగురం కలిసి 12 లక్షలు వేసుకుంటున్నాం. ఊళ్ళో ఒక పెద్దాయన 15 సెంట్లు ఇస్తానన్నారు. హాలు, లైబ్రరీ, కంప్యూటర్ రూము, చిన్న జిమ్, ఇలా ప్లాన్ కూడా గీయించాం. ట్రస్ట్ పెట్టాలా, సొసైటీనా? స్థలం ఎలా రాయించుకోవాలి? తగ్గిన డబ్బు కంపెనీల సీఎస్సార్ (సామాజిక బాధ్యత కింద ఇచ్చే నిధులు) నుంచి వస్తుందా? కట్టాక ఎవరు నడుపుతారన్నదే నాకు పెద్ద టెన్షన్‌గా ఉంది.

కావలి నుంచి, రిటైర్డ్ టీచర్:

నాయనా, ముందు నీకు నా ఆశీస్సులు. ప్లాన్ గీయించిన తర్వాత, ఎవరు నడుపుతారని చివర్లో అడిగావు. నేనైతే దాంతోనే మొదలుపెడతాను.

మా పక్క ఊళ్ళో ఒక కమ్యూనిటీ హాలు ఉంది. గ్రానైట్ ఫలకం, దాతల పేర్లు, అన్నీ ఉన్నాయి. లోపల ఇప్పుడు షామియానా గుంజలు, కాలు విరిగిన కుర్చీలు, ఎవరివో శనక్కాయ బస్తాలు. తాళంచెవి ఒక పెద్దాయన ఇంటి వసారాలో మేకుకి వేలాడుతుంటుంది. కాలనీ పిల్లలు ఆడుకోవాలంటే ఆ ఇంటి వాకిట్లో నిలబడి అడగాలి. ఒక్కరూ అడగరు. ఎందుకు అడగరో మన ఊళ్ళు తెలిసినవాడివి, నీకు చెప్పక్కర్లేదు. హాలు కట్టినవాళ్ళు మంచి మనసుతోనే కట్టారు. తాళంచెవి సంగతి మాత్రం ఆలోచించలేదు.

1991లో మన జిల్లాలో పెద్దవాళ్ళకి చదువు నేర్పే అక్షర దీపం ఉద్యమం మొదలైనప్పుడు నేను చిన్న వయసులో రాత్రి బడి నడిపాను. గుడి పక్క అరుగు, ఒక లాంతరు, 20 పలకలు, అంతే. పొలం పనులు చేసుకుని, ఇంట్లో అన్నాలు పెట్టి, ఆడవాళ్ళు ఎనిమిదింటికి వచ్చేవాళ్ళు. అక్షరాలు దిద్దుతూనే ఇంటి కష్టాలు చెప్పుకునేవాళ్ళు. అలాంటి రాత్రి బడుల్లో మొదలైన మాటలే కలిగిరి మండలం దూబగుంటలో సారా దుకాణం మూయించేదాకా వెళ్ళాయి. జిల్లా అంతా పాకి, 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. ఆ ఆడవాళ్ళు కలిసి కూర్చోవడానికి ఒక చోటు, రోజూ ఒకే వేళ ఉండబట్టే అది జరిగింది. అందుకే నీ ఆలోచన వినగానే నాకు ప్రాణం లేచొచ్చింది.

అందుకని కట్టడం ఆరునెలలు ఆపు. మీ వైపు తుఫాను షెల్టరు ఉంటే, లేదా వాడకుండా వదిలేసిన బడి గది ఉంటే, పంచాయతీని అడిగి సాయంత్రాలు అక్కడ మొదలుపెట్టు. కాలనీలో ఇంటర్ దాకా చదివిన అమ్మాయో అబ్బాయో ఎవరో ఒకరు ఉంటారు. నెలనెలా జీతమిచ్చి తాళంచెవి వాళ్ళకే ఇవ్వు. ఉత్తినే సేవ చెయ్యమంటే రెండో నెలలో రొయ్యల గుంట మీద కూలికి పోతారు, అందులో వాళ్ళ తప్పేం లేదు.

ఇంకో మాట. కాలనీలో కూర్చుని "మీకేం కావాలి?" అని అడగొద్దు. "మీ ఇష్టం సార్" అంటారు. నిన్న సాయంత్రం ఐదు నుంచి తొమ్మిది దాకా ఏం చేశారో అడుగు. మగపిల్లల్ని, ఆడపిల్లల్ని, తల్లుల్ని వేరువేరుగా కూర్చోబెట్టి అడుగు. జిమ్ కావాలో, పుస్తకాలు కావాలో, పసిపిల్లల్ని చూసుకునే మనిషి కావాలో దాన్నుంచే తెలుస్తుంది.

నెల్లూరు నుంచి, దస్తావేజులు రాసే పని:

అన్నా, ఆ 15 సెంట్లు ఎలాంటి భూమో ముందు చూడండి. అడంగల్, 1బీ (భూమి ఎవరిదో, ఎలాంటిదో చెప్పే రెవెన్యూ రికార్డులు) తీయించండి. సర్వే నంబరు 22ఏ నిషేధిత జాబితాలో (రిజిస్ట్రేషన్ చెయ్యకూడని భూముల లిస్టు) ఉందేమో రిజిస్ట్రార్ ఆఫీసులో కనుక్కోండి. కాలవ గట్టు దగ్గరంటున్నారు కాబట్టి వాగు పోరంబోకు, చెరువు పోరంబోకు (వాగుకీ చెరువుకీ వదిలిన ప్రభుత్వ భూమి) కాకుండా ఉండాలి. అలాంటి చోట కట్టింది ఎప్పుడైనా కూలగొట్టాల్సి వస్తుంది.

అడిగినవారు:

మేడం, మీరు రాసింది అమ్మకి చదివి వినిపించాను. తనూ అప్పట్లో పలక పట్టుకుని వెళ్ళిందంట, ఈ సంగతి నాకు ఇన్నేళ్ళూ తెలీదు. తమ్ముడూ, ఇప్పుడే కనుక్కున్నాను, అది డీకేటీ పట్టా.

నెల్లూరు నుంచి, దస్తావేజులు రాసే పని:

అయితే దానపత్రం మాట ఇప్పటికి పక్కన పెట్టండన్నా. డీకేటీ పట్టా అంటే ప్రభుత్వం పేదలకిచ్చిన అసైన్డ్ భూమి, దాన్ని అమ్మినా, దానమిచ్చినా 1977 చట్టం ప్రకారం చెల్లదు. 20 ఏళ్ళు దాటిన పట్టాలకి 2023లో సవరణ వచ్చింది గానీ, మీ నంబరు సంగతి తాసిల్దారు దగ్గర రాతపూర్వకంగా తేలేదాకా ఒక్క ఇటుక కూడా పెట్టొద్దు. దానికంటే గ్రామసభలో తీర్మానం చేయించి, ప్రభుత్వ స్థలం కోసం తాసిల్దారు ద్వారా కలెక్టరుకి అర్జీ పెట్టుకోవడం నయం. ఆలస్యమవుతుంది, కానీ తర్వాత ఎవరూ వేలెత్తి చూపరు.

ఇక సొసైటీ. 2001 నాటి ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద కనీసం ఏడుగురు కావాలి. మీరు ఐదుగురున్నారు. మిగతా ఇద్దరితో ఆపకుండా కాలనీ నుంచి, పట్టపుపాలెం నుంచి సగం మందిని తీసుకోండి. అందులో ఆడవాళ్ళు తప్పకుండా ఉండాలని బైలాలోనే (సొసైటీ నియమాల్లోనే) రాయండి. బ్యాంకు ఖాతాకి రెండు సంతకాలు, ఒకటి ఊళ్ళో ఉండేవాళ్ళదే. ట్రస్ట్‌లో అయితే పెట్టినవాళ్ళ చేతుల్లోనే ఉండిపోతుంది, మీరు హైదరాబాదులో ఉంటారు కాబట్టి నా ఓటు సొసైటీకే.

ఒంగోలు నుంచి, ఒక సంస్థలో లెక్కలు చూస్తాను:

సీఎస్సార్ గురించి నేను చెప్తాను. బయటి సంస్థకి కంపెనీ డబ్బులిచ్చి పని చేయించాలంటే దానికి కనీసం మూడేళ్ళ పని చరిత్ర ఉండాలి. ఆదాయపన్ను శాఖ ఇచ్చే 12ఏ, 80జీ రిజిస్ట్రేషన్లు, సీఎస్సార్ పనులకి నమోదైనట్టు సీఎస్సార్-1 నంబరు కూడా కావాలి. ఎంపీ నిధుల నుంచి సొసైటీకి ఏదైనా కట్టించాలన్నా మూడేళ్ళ నిబంధనే. కాబట్టి మీ ఊరికి దగ్గర్లో కృష్ణపట్నం పోర్టు, కరెంటు ఫ్యాక్టరీలు ఉన్నాయని ఈ సంవత్సరమే ఆశ పెట్టుకోకండి. ఈ నెలలోనే రిజిస్టర్ చేయించి, మేడం గారన్నట్టు చిన్నగా నడపండి, ఆ మూడేళ్ళూ లెక్కలోకి వస్తాయి. ఎంతమంది వచ్చారో రోజూ హాజరు పుస్తకంలో రాయించండి. ఏటా ఆడిట్ మానొద్దు. పుస్తకాలకి జిల్లా గ్రంథాలయ సంస్థని పుస్తక నిక్షిప్త కేంద్రం (వాళ్ళ పుస్తకాలు మీ దగ్గర ఉంచే చిన్న కేంద్రం) అడగండి. మనం కట్టే ఇంటిపన్నులో గ్రంథాలయ సెస్సు ఉంది, అడిగే హక్కు ఉంది.

కొత్తపట్నం నుంచి, మత్స్యకార కుటుంబం:

అక్కలూ అన్నలూ అందరూ బాగా చెప్పారు. మా పాలెంలో కుర్రాళ్ళు తెల్లవారకముందే వేటకి పోతారు, రాత్రి తొమ్మిదికల్లా పడుకుంటారు. వాళ్ళకోసం రాత్రి పదిదాకా తెరిస్తే లాభం లేదు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, 61 రోజులు చేతిలో పని ఉండదు. ఇంజన్ మెకానిక్కు, కరెంటు పని లాంటి ట్రైనింగులన్నీ అప్పుడు పెట్టండి.

క్యారమ్ బోర్డు కొనేటప్పుడు రెండు కొనండి. మా దగ్గర ఒకటే కొన్నారు, మొదటిరోజు నుంచి మగపిల్లలే చుట్టూ. మా చెల్లెలు నాలుగురోజులు కిటికీ దగ్గర నిలబడి చూసింది, ఐదోరోజు వెళ్ళలేదు. నాలుగున్నర నుంచి ఆరు దాకా ఆడపిల్లలకే అని బోర్డు రాసి పెట్టండి. బాత్రూం తలుపుకి లోపల గడియ, లోపలే నీళ్ళు. అది లేకపోతే అమ్మలు పంపరు.

ఒంగోలు నుంచి, పంచాయతీరాజ్‌లో ఇంజనీరుగా రిటైరయ్యాను:

తర్వాత కట్టేటప్పుడు ఇవి మర్చిపోకండి. 2021 నవంబరులో పెన్నా పొంగినప్పుడు మీ దగ్గర నీళ్ళు ఎంత ఎత్తున వచ్చాయో పెద్దవాళ్ళని అడిగి గోడ మీద గుర్తు పెట్టించండి, పునాది దానికంటే పైకి ఉండాలి. మేడమీదకి బయటినుంచే మెట్లు పెడితే తుఫాను రోజున పనికొస్తాయి. చవగ్గా దొరుకుతుందని సముద్రపు ఇసుక వాడితే ఉప్పుకి లోపల కడ్డీ తుప్పుపట్టి శ్లాబు పెచ్చులూడుతుంది. బోరు వేసేముందు పక్కిళ్ళ నీళ్ళు రుచి చూడండి, ఉప్పగా ఉంటే వాన నీటి తొట్టికి ఇప్పుడే చోటు వదలండి.

అడిగినవారు:

అందరికీ చేతులెత్తి దండం పెడుతున్నాను. ప్లాన్ కాగితం బీరువాలో పెట్టేశాను. తుఫాను షెల్టరు గురించి సర్పంచి గారితో ఫోన్‌లో మాట్లాడాను, సాయంత్రాలు వాడుకోండి, ఒక అర్జీ ఇవ్వండి అన్నారు. కాలనీలో ఇంటర్ పాసై ఇంట్లో ఉన్న అమ్మాయి ఉందని అమ్మ చెప్పింది, వచ్చే ఆదివారం వెళ్ళి వాళ్ళ ఇంట్లోవాళ్ళతో మాట్లాడతాం. ఒక్క సందేహం. పేపరు చదివిన పాపకి పుట్టిన సర్టిఫికెట్టు లేదు, ఆధార్ లేదు. మళ్ళీ బడిలో చేర్చుకుంటారా?

కావలి నుంచి, రిటైర్డ్ టీచర్:

చేర్చుకోవాలి నాయనా. విద్యాహక్కు చట్టంలో వయసు రుజువు లేదని బడిలో చేర్చుకోకుండా ఉండకూడదని స్పష్టంగా ఉంది. ముందు పాపని తీసుకెళ్ళి హెడ్మాస్టరు ఎదురుగా కూర్చోబెట్టండి, ఆ పేపరు కూడా పట్టుకెళ్ళండి, చదివి వినిపిస్తుంది. సర్టిఫికెట్టు పని దాని వెనకాలే నడిపించండి. పుట్టి ఏడాది దాటింది కాబట్టి ఆర్డీవో ఆఫీసు దాకా వెళ్ళాలి. కాలనీలో ఇలాంటి పిల్లలు ఇంకెందరున్నారో ఆ ఇంటర్ అమ్మాయి చేత ఇంటింటికీ తిరిగి రాయించు. మీ సెంటర్‌కి మొదటి నెల పని అదే.