మూడు నగరాల చెత్త ఒకే యార్డుకు: మీథేన్ తగ్గించే ఖర్చు ఎవరిది?

నమస్కారం. పక్కపక్కనే ఉన్న మూడు నగరాలు కలిసి నికర సున్నా ఉద్గారాల (గాలిలోకి వదిలే గ్రీన్‌హౌస్ వాయువులను వీలైనంత తగ్గించి, మిగిలినంతా తిరిగి తొలగించే) ప్రణాళిక రాస్తున్నాయి. ఆ పనిలో నేనూ ఉన్నాను. చిక్కల్లా చెత్త దగ్గరే వచ్చింది. ముగ్గురి చెత్తా ఒకే డంపింగ్ యార్డుకు పోతుంది. నగరాల ఉద్గారాలను లెక్కగట్టే అంతర్జాతీయ పద్ధతి జీపీసీ ప్రకారం, చెత్త కుళ్లి అక్కడ వెలువడే మీథేన్ (భూమిని వేడెక్కించే వాయువు) యార్డు ఉన్న నగరానికి స్కోప్ 1 (హద్దుల్లోపల వెలువడేది), తమ చెత్త మేరకు మిగతా రెండింటికీ స్కోప్ 3 (తమ వల్ల హద్దుల బయట వెలువడేది). మూడు లెక్కలూ కూడితే ఆ రెండు నగరాల చెత్త తాలూకు మీథేన్ రెండుసార్లు పడుతుంది. అది సరిచేసుకోగలం. కానీ గ్యాస్ పట్టే ఏర్పాటుకు డబ్బు ఎవరు పెట్టాలి? చెత్త బరువును బట్టి పంచుకోవాలా? ఈ ఒక్క మాట మీదే పొత్తు చెడుతుందేమోనని టెన్షన్‌గా ఉంది. 2030కల్లా నికర సున్నాకు చేరే లక్ష్యంతో యూరోపియన్ యూనియన్ 2022లో ఎంపిక చేసిన 100 నగరాల్లో గానీ, మరెక్కడైనా గానీ ఇలాంటి ఒప్పందం చూసినవాళ్లుంటే, అందులో ఖర్చు వాటాలు ఎలా రాసుకున్నారో దయచేసి చెప్పండి.